పదముగ్గురు మైకేళ్లు

చిక్కడపల్లిలో మూడో అంతస్తు.
కింద టిఫిన్ సెంటరు, పైన మా విజ్ఞాన సర్వస్వం.
ఆరేళ్లకు 'మ' దాకా వచ్చాం.
కిటికీ చువ్వల మీద జూలై వాన.
కంప్యూటర్ ముందు పసల మైకేలు.
ఇవాళ తన పేరే పదమూడుసార్లు కొట్టాలి.

కాన్‌స్టాంటినోపుల్‌ను ఏలినవాళ్లు తొమ్మిదిమంది,
అక్కడి చర్చి పీఠమెక్కినవాళ్లు నలుగురు.
రాజుకు పచ్చ కార్డు, గురువుకు తెల్ల కార్డు.
పద్ధతి నాదే. పన్నెండుమందికి బాగానే సరిపోయింది.

"అందరిదీ ఒక్కటే పేరైతే ఎట్ల పిలిచిన్రు మేడం?"

అంకెలు మనం తర్వాత తగిలించినవి మైకేలూ.
ఊరు మాత్రం ఊరు పిలిచినట్టే పిలిచింది:
నత్తివాడు. తాగుబోతు. పడవలకు తారు పూసేవాడు.
ఏడోవాడి ఏలుబడిలో బంగారు నాణేనికి
గోధుమలు పావు కొలత తగ్గాయి.
ఇక చచ్చేదాకా, చచ్చాక కూడా,
అతను 'పావు తక్కువ'.

మైకేలు కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు.
లాలాగూడ రైల్వే క్వార్టర్లలో
గ్రీజు మైకేలు, గంట మైకేలు,
మూడో లైను పొట్టి మైకేలు.
"నన్నేమంటరో మాత్రం చెప్పను."

రెండోవాణ్ని జైలు నుంచి నేరుగా తెచ్చి
సింహాసనం మీద కూర్చోబెట్టారు.
కాళ్లకు సంకెళ్లు అలాగే ఉన్నాయట,
తాళంచెవి చచ్చిన రాజు దగ్గర ఉండిపోయింది.
అది క్రిస్మస్.
ఎనిమిదోవాడు పోయిన నగరాన్ని తిరిగి తెచ్చుకున్నాడు,
పదకొండేళ్ల పిల్లరాజు కళ్లు తీయించాడు.
అదీ క్రిస్మస్.
"మళ్లీ క్రిస్మస్సేనా?"
కీబోర్డు చప్పుడు కాసేపు ఆగింది.
కింద ఎవరో రెండు ప్లేట్ల ఇడ్లీ చెప్పారు.

ఆరోవాడు ముసలివాడు.
దిగిపొమ్మని చెప్పించింది మొదటి తెల్ల కార్డు.
దిగితే నాకేమిస్తారని అడిగాడట.
పరలోక రాజ్యం, అన్నారట.
దిగాడు.
ఆ తెల్ల కార్డు మాత్రం తర్వాత
రాజులు తొడిగే ఊదారంగు జోడు
తన కాళ్లకు తొడిగి చూసుకుందని చెప్పుకున్నారు.

అంతకు ముందు నాలుగోవాడు, మూర్ఛరోగి,
ఆఖరి రోజున సన్యాసం పుచ్చుకున్నాడు.
సన్యాసి చెప్పులు ఇంకా కుట్టి రాలేదు.
రాజు జోడు ముట్టనన్నాడు.
ఇద్దరు పట్టుకుంటే
ఉత్త కాళ్లతో ప్రార్థనకు నడిచాడు.
ఈ వాక్యం తీసేయమని పెద్ద సంపాదకుడు గీత గీశాడు.
నేను మళ్లీ రాశాను.

ఇక మిగిలింది 'పావు తక్కువ'.
గద్దె వదిలి మఠంలో చేరాడు,
తర్వాత ఎఫెసుకు మహాగురువయ్యాడు.
పచ్చనా? తెల్లనా?
అరగంట నుంచి ఆ కార్డు నా చేతిలోనే,
అంచు మెత్తబడింది.

"మా దాంట్ల గ్రీజు మైకేలు పోయిండు మేడం, మొన్న లెంట్‌ల.
చర్చి బోర్డు మీద ఉత్త 'మైకేలు' అని రాసిన్రు.
నాలుగిండ్లకు జనం పోయిన్రు ఏడ్చుకుంట.
మా ఇంటికి దండ తెచ్చిన్రు.
తలుపు తీసింది నేనే."

ఏం చేశావు?

"లోపలికి రమ్మన్న. వానలో తడిసొచ్చిన్రు, చాయ్ పోసిన.
తాగి, అసలు ఇంటికి పోయిన్రు."

దండ?

"మర్చిపోయిన్రు.
నా భార్య పారేయనియ్యలే.
పేరైతే మనదే గద, అన్నది.
ఎండేదాంక సైకిల్ హ్యాండిల్‌కు ఉండె."

ఆరు గంటలకు కరెంటు పోయింది.
మానిటర్ మీద పదమూడుమందీ ఒక్కసారి ఆరిపోయారు.
సేవ్ చేశావా అని అడిగితే
చీకట్లో, చేసిన అన్నాడో, చెయ్యలే అన్నాడో.

కిటికీలోంచి చూశాను.
ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వైపు మోకాళ్ల దాకా నీళ్లు.
ప్యాంటు పైకి మడిచి,
రెండు చెప్పులూ ఒక చేత్తో ఎత్తి పట్టుకుని,
మ్యాన్‌హోల్ ఎక్కడుందో అని
అడుగు వేసేముందు ఒక్కో కాలితో తడుముకుంటూ
మైకేలు పోతున్నాడు.